ఖాళీ మంచం పక్కన కూర్చున్నామె

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. మాది శృంగవరపుకోట. మా నాన్న గుడిలో డోలు వాయించేవారు. దేవుడంటే నాకు గురి ఉంది, దెయ్యమంటే లేదు. అంబులెన్సులో పనిచేస్తున్న ఇన్నాళ్ళలో ఎంతమంది పోయినవాళ్ళ పక్కన కూర్చుని ప్రయాణం చేశానో నాకే గుర్తులేదు. ఒక్కరూ లేచి పలకరించిన పాపాన పోలేదు. ఇంటికొచ్చి తలంటుకుని, ఇంత అన్నం తిని, హాయిగా పడుకునేదాన్ని. నేను ఉలిక్కిపడేది మా అత్తగారి నుంచి ఫోను వచ్చినప్పుడు మాత్రమే.

అంబులెన్సు నడిపేవాళ్ళని మేము పైలట్ అంటాం. మా పైలట్ అప్పలనాయుడు అద్దం ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాడు. ఎండ ఎక్కువగా ఉన్నరోజు నేను ఆ నిమ్మకాయ విప్పి మజ్జిగలో పిండుకుని తాగేసేదాన్ని. "నీకు బయ్యం నేదు సరే ఈశ్వరమ్మా, నాకున్నాది గదా" అని మర్నాడు ఇంకోటి కట్టేవాడు పాపం.

అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే గొంతులో ముల్లులా ఉండిపోతుంది. అందుకని చెబుతున్నాను. నమ్మమని ఎవర్నీ బతిమాలను.

అంబులెన్సులో కొన్నేళ్ళు పనిచేసిన మాలాంటివాళ్ళని పారామెడిక్కులుగా తయారుచెయ్యడానికి విజయనగరంలో ఒక కాలేజీలో శిక్షణ పెట్టారు. అప్పటిదాకా మా పనంతా కట్టుకట్టడం, ఆక్సిజన్ పెట్టడం, వేగంగా ఆస్పత్రికి చేర్చడం. శిక్షణ పూర్తయితే సెలైను, కొన్ని ఇంజెక్షన్లు కూడా మా చేతికి వస్తాయి. ఫోనులో డాక్టరుగారిని అడిగి, బండిలోనే వైద్యం మొదలుపెట్టవచ్చు. కళ్ళముందు మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే "ఇదిగో వచ్చేశాం, ఇదిగో వచ్చేశాం" అని అబద్ధాలు చెప్పి విసిగిపోయినదాన్ని నేను. ఆ నొప్పి తగ్గించే సూది నా చేతిలో ఉండాలని ఎంత కోరికో. అందుకే ఇంట్లో గొడవపడి మరీ చేరాను.

మాకు చెప్పే జగన్నాథం సారుది ఇచ్ఛాపురం వైపు. మాట కరుకు, మనసు మంచిది. ఆయన మాకు అన్నిటికన్నా ఎక్కువగా నూరిపోసింది ప్రశ్నలు అడగడం. దానికి ఒక వరస ఉంది. ఏమిటి బాధ, ఏ మందైనా పడదా, ఏ మందులు వాడుతున్నారు, పాత జబ్బులేమైనా ఉన్నాయా, చివరిగా ఏం తిన్నారు, అసలు ఎలా జరిగింది. నిద్రలో లేపి అడిగినా అదే వరసలో రావాలి.

మన దగ్గర ఒక అలవాటు ఉంది కదా. రోగిని అడిగితే రోగి చెప్పడు. పక్కనున్న తల్లో అత్తో అందుకుంటుంది. "ఆడికేటి తెలుసు, నాను సెప్తాను" అంటుంది. మా సారుకి అది అస్సలు గిట్టదు. క్లాసులో తనే తల్లిలా కొంగు కప్పుకుని మధ్యలో దూరి మాట్లాడేవాడు. మేము ఆయన మాట వింటే చాలు, మార్కులు కోసేవాడు. "నోరున్నది పేషెంటుకి. ఆళ్ళ అమ్మని కాదు, ఆడిని అడుగు" అనేవాడు.

ప్రాక్టికల్ పరీక్ష వైశాఖంలో పడింది. మేడమీద పెద్ద హాలుని ఆకుపచ్చ పరదాలతో చిన్నచిన్న గదులుగా కట్టారు. గదికో మంచం, మంచానికో పేషెంటు. కొన్నిచోట్ల ప్లాస్టిక్ బొమ్మలు, కొన్నిచోట్ల నిజం మనుషులు. చుట్టుపక్కల కూరలమ్ముకునేవాళ్ళనీ, వాచ్‌మన్ భార్యనీ పిలిచి, టిఫిను పెట్టి, జబ్బు ఎలా నటించాలో నేర్పేవాడు సారు. గంట మోగితే ఒక గదిలోంచి పక్క గదిలోకి మారాలి.

ఆ మధ్యాహ్నం ఎండకి హాలంతా ఒకలాంటి ఆకుపచ్చ వెలుతురుతో నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతుంటే పరదాలు మెల్లగా ఉబ్బుతున్నాయి, మళ్ళీ తగ్గుతున్నాయి. అందరూ గుసగుసగా మాట్లాడుతున్నారు. ఎక్కడో కింద పెళ్ళి సన్నాయి. నాకు ఏదో చెరువు అడుగున నడుస్తున్నట్టుగా ఉంది. పొద్దున హడావిడిలో ఏమీ తినలేదు. అది కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత నాకు నేను చెప్పుకున్న సమాధానం అదే.

ఒక పరదా తీసి లోపలికి వెళ్ళాను. ఇనప మంచం, తెల్ల దుప్పటి, దిండు. పక్కన కుర్చీలో ఒక ముసలమ్మ. పరీక్ష పెట్టే మనిషి లేడు. సారుకి పరదా వెనక నిలబడి వినే అలవాటు ఉంది కాబట్టి అక్కడే ఉన్నాడనుకున్నాను.

ముసలమ్మ సముద్రం మీద బతికే మనిషని చూడగానే తెలుస్తోంది. చీర మోకాళ్ళ కిందికి బిగించి కట్టింది. చేతులనిండా పచ్చబొట్లు. ఒళ్ళో గుడ్డతో మూటకట్టిన గిన్నె ఒకటి ఉంది, దాన్ని రెండు చేతులా పట్టుకుంది. గుడ్డ కొసలు చెవుల్లా రెండు వైపులకీ నిక్కి ఉన్నాయి. టిఫిను కాబోలనుకున్నాను. ఎండుచేపల వాసన, పసుపు వాసన. సారు ఈసారి బాగానే వెతికి పట్టుకొచ్చాడే అనుకున్నాను కూడా.

"అమ్మా, నా పేరు ఈశ్వరి. అంబులెన్సు నుంచి వచ్చాను. ఏమైంది?"

"ఆడికి కాలు ఇరిగినాది పాపా."

నాకు నవ్వొచ్చింది. ఇదీ పరీక్ష అనుకున్నాను. తల్లిని మాట్లాడనిస్తానా లేదా అని. "మీరు కాస్త ఆగండమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి" అని మంచం వైపు తిరిగాను. మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి ముడత కూడా లేదు. బొమ్మ చెడిపోయిందేమో, స్పృహలేని మనిషని ఊహించుకోవాలేమో అనుకుని, నేర్పినట్టుగానే దిండు పక్కన చేత్తో తట్టాను. "బాబూ, వినిపిస్తోందా?"

ముసలమ్మ నన్ను జాలిగా చూసింది. "ఆడు పలకలేడు పాపా. నాను సెప్తన్నాను, ఇను."

సరే, స్పృహ లేనప్పుడు తల్లిని అడగవచ్చు, అది కూడా నేర్పారు. వరసగా అడిగాను. కొడుకు పేరు దానయ్య. గడ్డం కింద గాలం చీరిన మచ్చ ఉంటుందట, అది చూసి పోల్చుకోమంది. ఎందుకు పోల్చుకోవాలో నాకు తట్టలేదు. ఏ మందైనా పడదా అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టుగా ముందుకి వంగింది.

"నొప్పి సూది పడదు. సిన్నప్పుడు మా ఊరి ఆరెంపీ డాట్రు ఏసినాడు. మొకం ఉబ్బిపోయి, ఊపిరి ఆడక, నా సేతుల్లో పోనాడనే అనుకున్నాను. అది మాత్రం ఎయ్యొద్దు. నువ్వే సూసుకోవాల."

"చివరిగా ఏం తిన్నాడమ్మా?"

అందాకా గడగడా చెప్పిన మనిషి ఆగిపోయింది. గిన్నె మీద మూతని, గుడ్డ పైనుంచే, నిమిరింది.

"తిన్నేదు. నా మీద అలిగి ఎల్లిపోనాడు. పులుసు అలాగే ఉండిపోనాది."

గంట మోగింది. లేవబోతుంటే నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు నీళ్ళలో నానిన వేళ్ళలా ముడతలుపడి చల్లగా ఉన్నాయి. "మర్సిపోవు గదా?" అంది. మర్చిపోనమ్మా అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళాను. మనసంతా పరీక్ష మీదే ఉంది, వెనక్కి చూడలేదు.

సాయంత్రం సారు ఒక్కొక్కరినీ పిలిచి తప్పులు చెబుతున్నాడు. నా వంతు అయ్యాక, "ముసలమ్మ దగ్గర ఎలా చేశాను సార్? మార్కులు చెప్పలేదు" అన్నాను.

"ఏ ముసలమ్మ?"

చెప్పాను. సారు కళ్ళజోడు తీసి నావైపు చూశాడు. ఆ గదిలో పెట్టాల్సిన బొమ్మ పాడైపోతే, దాన్ని ఖాళీగా ఉంచేశాడట. కూర్చుని నీళ్ళు తాగి, గంట మోగాక వెళ్ళిపోమని అందరికీ చెప్పాడట. ఆయన చెప్పినప్పుడు నేను మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. మా బ్యాచ్ వాళ్ళందరూ ఆ కుర్చీలోనే కూర్చుని నీళ్ళు తాగారు. ఎవరికీ ముసలమ్మ కనబడలేదు. పక్క గదిలో ఉన్న సునీత మాత్రం నా గొంతు విన్నానంది. "నువ్వొక్కదానివే ప్రశ్నలడుగుతన్నావు. ప్రాక్టీసు చేస్తన్నావేమో అనుకున్నానే" అంది.

ఇక చూడండి, నన్ను ఆడుకున్నారు. "ఒసే, ఈసారి ఆవిడొస్తే నా మార్కులు కూడా అడుగు" అని ఒకత్తె. సారు మాత్రం నవ్వలేదు. వెళ్ళి ముందు అన్నం తినమన్నాడు. ఖాళీ కడుపు, ఎండ, పరీక్ష భయం. కుర్చీలో కూర్చుని కునుకు తీశాను, కలవరించాను. అంతే. నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వాను. మణికట్టు మీది చల్లదనం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పాసయ్యాను. భోగాపురం వైపు బండి ఇచ్చారు. అప్పలనాయుడే పైలట్. ముసలమ్మ సంగతి దాదాపు మర్చిపోయాను.

చలికాలంలో ఒకరోజు, పొద్దెక్కాక, సముద్రపు ఒడ్డు నుంచి ఫోనొచ్చింది. పడవని ఇసక మీదికి తోస్తుంటే అది ఒరిగి ఒకాయన తొడ మీద పడింది. మేము వెళ్ళేసరికి ఆయన్ని లాగి నీడలో పడుకోబెట్టారు. తొడ ఎముక విరిగింది, చూస్తేనే తెలుస్తోంది. మనిషికి పూర్తిగా స్పృహ తప్పలేదు, అలాగని మాట కూడా లేదు. మూలుగుతున్నాడు, కళ్ళు తేలేస్తున్నాడు, మళ్ళీ మూలుగుతున్నాడు. ఎవరి మనిషని అడిగితే ఎవరికీ సరిగ్గా తెలియదు. గుజరాత్ పడవల మీద పనిచేసి మొన్ననే దిగాడట, వాళ్ళ ఆవిడది పక్క ఊరట, కబురు పంపారట. చెయ్యి సాయానికని వచ్చి కాలు పోగొట్టుకున్నాడని ఒకాయన తల కొట్టుకున్నాడు.

కాలికి బద్దలు కట్టి, బండిలోకి ఎక్కించి, సెలైను పెట్టాను. ఏ మందైనా పడదా బాబూ అని చెవిలో అడిగాను. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఫోనులో డాక్టరుగారికి అంతా చెప్పాను. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి తీసుకురమ్మన్నారు.

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే. మందు సిరంజిలోకి తీసుకున్నాను. ఆయన తల పక్కకి వాలింది. గడ్డం కింద, నెరిసిన గరుకు వెంట్రుకల మధ్య, కొక్కెంలా వంకర తిరిగిన పాత మచ్చ.

బండి అద్దాలకి ఆకుపచ్చ కాగితం అంటించి ఉంటుంది. రోజూ ఉండేదే. ఆ వేళ ఆ వెలుతురు నాకు ఎక్కడో చూసినట్టుగా అనిపించింది. ఎండుచేపల వాసన కూడా వచ్చింది. ఒడ్డున అది రాక ఇంకేం వాసన వస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని, ఈయన పేరేమిటని అడిగాను.

"దానయ్యంతారమ్మా."

నా చెయ్యి ఆగిపోయింది. భయం కాదు. నిద్రలోంచి సగం లేచినప్పుడు ఒళ్ళు మన మాట వినదు చూడండి, అలా అయింది. మణికట్టు చుట్టూ చల్లగా తెలుస్తోంది.

"ఏటమ్మా, ఆగిపోనావు? ఎయ్యి, ఆ మనిసి గిలగిల్లాడిపోతన్నాడు" అన్నాడు అప్పలనాయుడు.

మళ్ళీ ఫోను చేశాను. "సార్, ఈయనకి ఆ మందు పడదట."

"ఎవరు చెప్పారు?"

"వాళ్ళమ్మ."

"పక్కనే ఉన్నారా?"

ఉన్నారని చెప్పాను. అది అబద్ధమో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. అయితే ఆ ఇంజెక్షన్ వద్దు, కాలు కదలకుండా తీసుకొచ్చెయ్యండి అన్నారు డాక్టరుగారు. అప్పలనాయుడు నావైపు ఒక్కసారి చూశాడు. వెళ్ళి బండి తీశాడు.

ఆ దారి గురించి ఏం చెప్పను. గోతుల్లో బండి ఎగిరినప్పుడల్లా ఆ మనిషి అరుస్తున్నాడు, నేను కాలి బద్దలు కదలకుండా అదిమి పట్టుకుంటున్నాను. చేతికందే దూరంలో మందు ఉంది. నేను ఇవ్వడం లేదు. ఎందుకు? ఒకనాడు ఆకలికి కళ్ళు తిరిగి కన్న కల కోసం. కల నిజం కాకపోతే నేను చేస్తున్నది ఉత్త పాపం. కల నిజమై, నేను సూది వేస్తే, ఈ మనిషి నా బండిలోనే పోతాడు. రెండిట్లో ఏది తప్పో తెలియక, ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. నేను డ్యూటీలో ఏడవడం అప్పలనాయుడు అదే మొదటిసారి చూడటం. "ఊరుకో సెల్లీ, వచ్చేస్తన్నాం" అన్నాడు. ఎప్పుడూ నేను చెప్పే అబద్ధం నాకే చెప్పాడు.

ఆస్పత్రిలో దింపాక కూడా నేను కదల్లేదు. అప్పుడే ఆయన భార్య ఆటో దిగి, చెప్పుల్లేకుండా, రొప్పుతూ లోపలికి వచ్చింది. భర్తని చూడకముందే డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"బాబూ, నొప్పి సూది ఎయ్యనేదు గదా? ఆరికి అది పడదు. సిన్నప్పుడు సచ్చి బతికినారు."

వెయ్యలేదమ్మా, దారిలోనే వాళ్ళమ్మగారు చెప్పారట కదా అన్నాడు ఆయన. ఆవిడ అర్థంకానట్టు ఆయన్నీ, నన్నూ చూసింది.

"మా అత్తా? మా అత్త ఎప్పుడో కాలం సేసినాది బాబూ."

నేను బయటికి వచ్చి బండి మెట్టు మీద కూర్చున్నాను. అప్పలనాయుడు వెనకాలే వచ్చాడు, అంతా విన్నాడు. అద్దం ముందున్న నిమ్మకాయ విప్పి, ఏమనుకున్నాడో, మళ్ళీ కట్టేశాడు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ మంచితనం మాత్రం నేను మర్చిపోను.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి వార్డుకి వెళ్ళాను. దానయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య బయట పంపు దగ్గర ఉంది. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను.

"మా యమ్మ నీకెలాగ తెలుసమ్మా?" అన్నాడు.

పరీక్ష సంగతి మొదటినుంచీ చెప్పాను. భయపడతాడనుకున్నాను. అతను చిన్నపిల్లాడు కథ వింటున్నట్టు విన్నాడు. పచ్చబొట్ల గురించి చెబితే తలూపాడు. ఆవిడ గొంతు ఎలా ఉందని అడిగాడు. జలుబు చేసినట్టు ఉందని చెప్పాను. "అంతే, అలాగే ఉంతాది" అన్నాడు.

"ఇంకేటి సెప్పినాది?"

చెప్పాలా వద్దా అనిపించింది. చివరికి చెప్పాను. "ఏం తిన్నావని అడిగితే, అలిగి తినకుండా వెళ్ళిపోయావంది. పులుసు అలాగే ఉండిపోయిందంది."

విరిగిన కాలుతో అంత దూరం వచ్చినా కంట నీరు పెట్టని మనిషి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. గుజరాత్ వెళ్ళొద్దని తల్లి పోరిందట. ఆ పొద్దున పులుసు వండి పిలిస్తే, కంచాన్ని పక్కకి తోసేసి బస్సెక్కేశాడట. ఆవిడ పోయినప్పుడు నడిసముద్రంలో ఉన్నాడు. ఒడ్డుకి చేరి కబురు వినేసరికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. అప్పటినుంచీ పులుసు ముట్టలేదట.

అంతలో భార్య లోపలికి వచ్చింది. "ఆస్పత్రి కూడు ముట్టుకోట్లేదమ్మా, నువ్వైనా సెప్పు" అంది నాతో. ఇంటినుంచి తెచ్చిన గిన్నె మంచం కింద ఉంది. తీసి, విప్పబోయింది. గుడ్డతో కట్టిన గిన్నె. గుడ్డ కొసలు చెవుల్లా రెండు వైపులకీ నిక్కి ఉన్నాయి.

"ఏటి తెచ్చినావు?" అన్నాడు దానయ్య.

"పులుసు. నువ్వు తినవని తెలుసు. ఎందుకో పొద్దున్నే సెయ్యాలనిపించింది."

అతను ఆ గిన్నెని చూశాడు. తర్వాత చెయ్యి కడగడానికి నీళ్ళు తెమ్మన్నాడు. నేను చెంబు అందించాను. మొదటి ముద్ద కలిపి, కళ్ళు మూసుకుని తిన్నాడు. వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కిటికీ పరదాలు మెల్లగా ఉబ్బి తగ్గుతున్నాయి. ఎండుచేపల వాసన, పసుపు వాసన. గది నిండా మనుషులున్నారు. ఆ మంచం పక్కన కుర్చీ ఒకటి ఖాళీగా ఉంది. నన్ను కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

ఆ తర్వాత దీన్ని చాలామందికి చెప్పాను. కొందరు కాకతాళీయమన్నారు. దానయ్య కథని ఎప్పుడో బండిలో ఎవరి దగ్గరో విని ఉంటావు, అది కలలోకి వచ్చి ఉంటుందన్నారు. అయ్యుండవచ్చు. నేను వాదించను. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. కానీ రోగిని అడిగితే తల్లి అందుకుని చెబుతుంటే, ఇప్పుడు ఆగమని అనలేను. ఆ గిన్నె ఎవరిదని దానయ్య భార్యని ఒక్కమాట అడిగి ఉంటే తేలిపోయేదేమో. రోజంతా ప్రశ్నలడగడమే నా ఉద్యోగం. ఆ ఒక్కటీ అడగలేకపోయాను.